మా పాత ఫ్రిజ్‌కీ పెంగ్విన్‌కీ ఏమిటి చుట్టరికం?

సంక్రాంతికి ఇల్లు దులపడం మొదలుపెడితే ఏదో ఒక పాత సామాను మీద మా ఇంట్లో గొడవ తప్పదు. ఈసారి ఆ వంతు వెనక వరండాలో ఉన్న పాత ఫ్రిజ్‌ది. 1996లో మా అత్తయ్యగారు చీటీ పాడి, ఆ డబ్బుతో ముచ్చటపడి కొనుక్కున్న ఫ్రిజ్ అది. నేను కాపురానికి వచ్చేనాటికి వీధిలో సగంమంది ఐసు ముక్కలకు మా ఇంటికే వచ్చేవాళ్లు. కొత్తది కొన్నాక దీన్ని వరండాలోకి నెట్టేశాం. అయినా పాపం, దోసెల పిండికీ, పండగలప్పుడు పూలకీ పనికొస్తూనే ఉండేది. పోయిన దీపావళికి చప్పుడు చేయడం మానేసింది.

పాత ఇనుప సామాన్ల అబ్బాయి వచ్చి చూశాడు. పదిహేను వందలకు బేరం కుదిరింది. "వెనకాల గొట్టం కోసేసి బండెక్కిస్తానమ్మా, ఐదు నిమిషాల పని" అంటూ కటింగ్ ప్లేయర్ తీశాడు. కాలేజీకి బయల్దేరుతున్న మా అమ్మాయి గడపలోనే ఆగిపోయింది.

"అమ్మా, ఆ గొట్టం కోయనివ్వకు! అందులో ఏ గ్యాసుందో చూశావా?"

నేనెక్కడ చూశాను! ఇన్నేళ్లూ దాని ముందు భాగం తుడవడమే గానీ వెనక్కి తొంగి చూసిందెప్పుడు? బూజు దులిపి చూస్తే, మసకబారిన చీటీ మీద 'ఆర్-12' అని ఉంది. "ఇదే సి.ఎఫ్.సి. గ్యాసు. దక్షిణ ధ్రువం మీద ఓజోన్‌కి చిల్లు పెట్టింది ఇదే" అంది మా అమ్మాయి. ఆ మాట వినగానే నాకు గుండెల్లో కలుక్కుమంది. ఎందుకంటే, ఆ గ్యాసును ఒకసారి నా చేతులతో నేనే బయటికి వదిలాను!

2005 ఎండాకాలం. ఇంటినిండా చుట్టాలు. నిమ్మరసంలోకి ఐసు కావాలి. ట్రే చూస్తే ఫ్రీజర్‌కు అతుక్కుపోయి రాదే! కూరలు తరిగే చాకు తెచ్చి, కింద గుచ్చి పైకి లేపాను. అంతే, బుస్సుమని పాము బుస కొట్టినట్టు చప్పుడు. చల్లటి పొగ మొహానికి కొట్టింది. మెకానిక్ వచ్చి, "ఫ్రీజర్‌కి కన్నం పెట్టేశారమ్మా, గ్యాసంతా పోయింది" అన్నాడు. అతుకు వేసి మళ్లీ గ్యాసు నింపాడు. ఆ రోజు నా బాధంతా ఖర్చయిన డబ్బు గురించే. పోయిన గ్యాసు ఎక్కడికి పోయిందన్న ఆలోచనే లేదు. అది తెలుసుకుందామనే ఇన్నేళ్లకు మా అమ్మాయి పుస్తకాలూ, లైబ్రరీ పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. ఇంటర్ బై.పి.సి.తో చదువు ఆపేసిన నాకే అర్థమైందంటే, మీకు అర్థం కాకపోవడమేముంది?

మేలు చేయడానికే పుట్టిన గ్యాసు

మొదట్లో ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి గ్యాసులు వాడేవారట. కారితే ఇంట్లోవాళ్ల ప్రాణాలకే ముప్పు. అందుకని 1928లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఆయన ఈ సి.ఎఫ్.సి. గ్యాసును కనిపెట్టాడు. అంటుకోదు, వాసన రాదు, పీలిస్తే విషం కాదు. ఇంతకన్నా ఏం కావాలి? ఫ్రిజ్‌లలోకి, ఏసీలలోకి, సెంటు సీసాల్లోకి, పరుపుల నురగలోకి, ఒకటేమిటి, అన్నిట్లోకీ వచ్చేసింది.

దాని గొప్పతనమే చివరికి దాని దోషమైంది. దేనితోనూ కలవదు కాబట్టి తొందరగా నశించదు కూడా. ఆర్-12 గాల్లో కలిస్తే సగటున నూరేళ్లు ఉంటుంది. ఒకటి రెండేళ్లలో భూగోళమంతటా పరుచుకుంటుంది. అంటే 2005లో మా వంటింట్లోంచి పోయిన గ్యాసులో చాలా భాగం ఇప్పటికీ పైన తిరుగుతూనే ఉందన్నమాట. నేను పోయాక, నా మనవరాళ్ల కాలంలో కూడా కొంత ఉంటుంది. ఇది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదంటే నమ్మండి.

రెండు రూపాయి బిళ్లలంత గొడుగు

మన నెత్తిమీద పదిహేను మొదలు ముప్పై అయిదు కిలోమీటర్ల ఎత్తున ఓజోన్ ఎక్కువగా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపేది అదే. అది లేకపోతే చర్మ కేన్సర్లు, కంట్లో శుక్లాలు ఎక్కువవుతాయి. పైనున్న ఓజోన్ అంతా పోగేసి నేలమీదికి తెచ్చి పరిస్తే ఎంత మందం ఉంటుందో తెలుసా? సుమారు మూడు మిల్లీమీటర్లు. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత! భూమ్మీద ఇంత జీవరాశికీ అదే గొడుగు.

ఈ గ్యాసులు పైకి పోయి ఓజోన్‌ను తినేస్తాయేమోనని 1974లోనే మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. గ్యాసులు తయారుచేసే కంపెనీలు "అబ్బే, రుజువేదీ?" అన్నాయి. రుజువు దొరికింది మాత్రం ఎవరూ అనుకోని చోట. ఇళ్లూ, ఫ్రిజ్‌లూ లేని అంటార్కిటికాలో.

రోజువారీ పద్దులే పట్టిచ్చాయి

అంటార్కిటికా మంచుమీద బ్రిటన్ వాళ్లకు హేలీ అనే కేంద్రం ఉంది. అక్కడివాళ్లు 1957 నుంచి ఆకాశంలో ఓజోన్ ఎంతుందో కొలిచి రాసిపెడుతూ వచ్చారు. మనం పాల పద్దు, చాకలి పద్దు రాసుకోమూ, అలాగ! ఏళ్లు గడిచేకొద్దీ "ఎందుకొచ్చిన కొలతలు, ఏం ఒరిగింది?" అన్నవాళ్లూ ఉన్నారట. అయినా జో ఫార్మన్ అనే పెద్దాయన మానలేదు. చేత్తో రాసిన ఆ కాగితాలు గుట్టలుగా పేరుకుపోయాయి. 1977లో చేరిన జొనాథన్ షాంక్లిన్ అనే కుర్రాడికి ఆ లెక్కలు కంప్యూటర్‌కు ఎక్కించే పని అప్పగించారు. ఎక్కిస్తూ ఉంటే తేడా బయటపడింది. ఏటేటా అక్టోబరులో ఓజోన్ తగ్గిపోతోంది!

మన కాటా తప్పు చూపిస్తోందేమోనని అనుమానం వస్తే ఏం చేస్తాం? వేరే కాటాలో తూచి చూస్తాం. వాళ్లూ కొత్త పరికరం తెప్పించి కొలిచారు. అదే లెక్క! 1984 అక్టోబరు నాటికి మూడు మిల్లీమీటర్ల గొడుగు అక్కడ రెండు మిల్లీమీటర్లకు పడిపోయింది. ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ ముగ్గురూ 1985 మే నెలలో ఈ సంగతి లోకానికి చెప్పారు. అమెరికా ఉపగ్రహం కూడా ఈ తగ్గుదలను చూసింది. కానీ మరీ తక్కువగా వచ్చిన అంకెలను అనుమానించి పక్కన పెట్టారు. మళ్లీ తీసి చూస్తే నిజమే! కోట్లు పెట్టిన ఉపగ్రహం కన్నా ముందు చేత్తో రాసిన పద్దులు గెలిచాయి.

అక్కడే ఎందుకు?

ఫ్రిజ్‌లన్నీ మన వైపు ఉంటే చిల్లు అక్కడెందుకు పడింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది ఒక ఆడమనిషి. పేరు సుసాన్ సోలమన్. 1986లో అమెరికా బృందానికి నాయకత్వం వహించి అంటార్కిటికాకు వెళ్లేనాటికి ఆవిడకు 30 ఏళ్లు. అక్కడి చలికాలపు చీకట్లో, కేంద్రం కప్పుమీదికెక్కి, చందమామ వెలుతురును పరికరంలోకి పట్టి, గాలిలో ఏమేం ఉన్నాయో లెక్క తీశారు.

సంగతేమిటంటే, ధ్రువం దగ్గర చలికాలమంతా సూర్యుడు కనిపించడు. గిన్నెమీద మూత పెట్టినట్టు, సుడిగాలి ఒకటి అక్కడి గాలిని బయటికి పోనీయకుండా చుట్టేస్తుంది. లోపల చలి సున్నాకు 80 డిగ్రీల కిందికి దిగితే, అంత ఎత్తులో కూడా సన్నటి మంచు మబ్బులు కడతాయి. మన సి.ఎఫ్.సి. నుంచి వచ్చిన క్లోరిన్ మామూలుగా వేరే వాటితో ముడిపడి నిద్రపోతూ ఉంటుంది. ఈ మబ్బుల మీద ఆ ముడి ఊడుతుంది. మనకు దసరా రోజులొచ్చేసరికి అక్కడ సూర్యుడు మళ్లీ పొడుస్తాడు. ఎండ తగలగానే క్లోరిన్ లేచి ఓజోన్ మీద పడుతుంది.

కుండెడు పాలను ఒక చుక్క తోడు ఏం చేస్తుంది? ఆ కుండలోంచి చెంచాడు తీసి ఇంకో కుండలో వేస్తే? క్లోరిన్ అలాంటిదే. ఒక ఓజోన్‌ను విరగ్గొట్టి, తాను చెక్కుచెదరకుండా వచ్చి ఇంకోదాని మీద పడుతుంది. ఒక్క అణువు వేలకొద్దీ ఓజోన్‌లను ఖర్చు పెట్టేస్తుంది. 1987లో చిలీ దేశం నుంచి విమానాలు ఆ చిల్లులోకే ఎగిరి వెళ్లి చూశాయి. క్లోరిన్ పెరిగిన చోటల్లా ఓజోన్ తగ్గింది. ఇంక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

ఈ గ్యాసు ప్రకృతిలోనే ఉండేదేమో అన్న అనుమానం కూడా మంచే తీర్చింది. ధ్రువాల దగ్గర మంచు పొరపొరగా పడి, మధ్యలో ఆనాటి గాలిని దాచుకుంటుంది. ఆ గాలిని తోడి పరీక్షించిన లెక్కలు 1999లో వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దానికి ముందు గాలిలో సి.ఎఫ్.సి. ఆనవాలే లేదు. అంటే ఇది అచ్చంగా మన చేతి పనే!

సముద్రపు అన్నం కుండలో చెయ్యి

పాపం, ఆ చిల్లు కింద ఎవరున్నారు? పెంగ్విన్లు, సీళ్లు, తిమింగలాలు. వాటి అన్నం కుండ సముద్రమే. నీళ్లలో కంటికి కనిపించని నాచు ఉంటుంది. ఆ నాచును క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవి తింటుంది. మన వేలంత పొడవు ఉంటుందేమో, అంతే! ఆ క్రిల్‌నే పెంగ్విన్లూ తింటాయి, పెద్ద పెద్ద తిమింగలాలూ తింటాయి. నాచు తగ్గితే అందరికీ పస్తే. 1990లో శాస్త్రజ్ఞులు ఓడ మీద వెళ్లి, చిల్లు కింద నీళ్లనూ, పక్క నీళ్లనూ పోల్చి చూశారు. చిల్లు కింద నాచు ఎదుగుదల 6 నుంచి 12 శాతం తగ్గింది.

మన చేతులు అంత దూరం చేరడం అదే మొదలు కాదు. మలేరియా నిర్మూలన రోజుల్లో ఇంటి గోడలకు డి.డి.టి. కొట్టేవారని మా అత్తయ్యగారు చెబుతుంటారు. ఇలా ఎన్నో దేశాల్లో ఇళ్లమీదా, పొలాల మీదా చల్లిన డి.డి.టి. ఆనవాళ్లు పెంగ్విన్ల ఒంట్లో దొరికాయని 1966లో తేలింది! మన గడప దాటిన దాంతో మనకు సంబంధం లేదనుకుంటాం గానీ, గాలికీ నీళ్లకీ గడపలెక్కడివి?

మనవాళ్లు కూడా వెళ్లారు

మనవాళ్లు మొదటిసారి అంటార్కిటికాలో అడుగుపెట్టింది 1982 జనవరిలో. 1983లో బయల్దేరిన మూడో బృందంలో ఇద్దరు ఆడవాళ్లున్నారు. రాళ్ల శాస్త్రం చదివిన సుదీప్తా సేన్‌గుప్తా, సముద్ర శాస్త్రం చదివిన అదితీ పంత్. 1989లో కట్టిన మన మైత్రి కేంద్రం దగ్గర వాతావరణ శాఖవాళ్లు బెలూన్లు ఎగరేసి ఓజోన్ కొలుస్తూ వచ్చారు. 2012లో భారతి అనే కేంద్రం కూడా వచ్చింది.

ఆ భారతికి మన హైదరాబాదుతో చుట్టరికం ఉంది. ఉపగ్రహాలు ధ్రువం మీదుగా వెళ్లినప్పుడల్లా భారతి కేంద్రం సమాచారం అందుకుని, హైదరాబాదు పక్కనున్న షాద్‌నగర్‌కు పంపిస్తుంది. ఆ పనికోసం హైదరాబాదు నుంచి మంగళ మణి అనే శాస్త్రజ్ఞురాలు 2016 నవంబరులో వెళ్లారు. యాభై దాటిన వయసు. అంతకుముందు మంచు కురవడమే చూడలేదట. బృందంలో ఆడమనిషి ఆవిడొక్కరే. 403 రోజులుండి తిరిగొచ్చారు. మనం నాలుగు రోజులు పుట్టింటికి వెళ్లాలంటే ఎన్ని అప్పగింతలు పెట్టి వెళతాం చెప్పండి!

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. అక్కడ చెత్త అలా పారేయడానికి వీల్లేదు. 1991లో దేశాలు రాసుకున్న ఒప్పందం ప్రకారం మూటలు కట్టి ఓడెక్కించి వెనక్కి తేవాలి. మనిషి కాపురమే లేని చోట అంత శుభ్రం! మన వీధి చివరి కుప్ప గుర్తొచ్చి సిగ్గేసింది.

చిల్లు పూడుతోంది

ఇన్ని చెడ్డ కబుర్ల తర్వాత ఒక మంచి కబురు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరంలో దేశాలు కూర్చుని, ఈ గ్యాసులు మానేద్దామని ఒప్పందం రాసుకున్నాయి. మన దేశం 1992లో చేరింది. 2003 నుంచి మన దగ్గర కొత్త ఫ్రిజ్‌లలో సి.ఎఫ్.సి. వాడకం ఆపేశారు. 2008 ఆగస్టు 1 నుంచి, ఉబ్బసం మందులకు తప్ప, సి.ఎఫ్.సి. తయారీయే ఆగిపోయింది. 2009 నాటికి లోకంలో దేశాలన్నీ ఆ ఒప్పందంలో ఉన్నాయి. అన్నదమ్ములే ఒక మాట మీద నిలబడని ఈ రోజుల్లో ఇది చిన్న విషయమా?

2000 సెప్టెంబరులో ఆ చిల్లు మన దేశానికి తొమ్మిది రెట్లు ఉంది. 2016లో సుసాన్ సోలమనే అది మానుతున్న గుర్తులు కనిపిస్తున్నాయని చెప్పారు. ఇప్పటికీ ఏటా చిల్లు పడుతూనే ఉంది. అందరూ మాట మీద నిలబడితే 2066 ప్రాంతానికి అక్కడి ఓజోన్ 1980 నాటి స్థితికి వస్తుందని శాస్త్రజ్ఞుల అంచనా. పద్దులు రాయడం మాత్రం మానలేదు. అందుకే ఒక రకం సి.ఎఫ్.సి. మళ్లీ ఎక్కడో తయారవుతోందని 2018లో పట్టుకున్నారు. మరుసటేడు తూర్పు చైనా అని తేల్చారు. తర్వాత అది తగ్గింది.

మరి మా పాత ఫ్రిజ్‌లో మిగిలిన గ్యాసు సంగతి? ఉండేది నూరు గ్రాములు అటూ ఇటూ, అంతే. అయితే ఆర్-12 ఓజోన్‌ను తినడమే కాదు, భూమిని వేడెక్కిస్తుంది కూడా. బొగ్గుపులుసు వాయువు కన్నా పదివేల రెట్లు! మా అమ్మాయి లెక్కగట్టి చూపించింది. ఆ నూరు గ్రాములు వదిలితే, ఇరవైకి పైగా వంటగ్యాసు సిలిండర్లు కాల్చినంత. మాకు నెలకొక సిలిండరు. అంటే రెండేళ్ల వంట!

మనం చూసుకోవాల్సినవి

* మీ ఫ్రిజ్ వెనకో, లోపలో అంటించిన చీటీ చూడండి. ఆర్-12 ఉంటే పాతది. ఆర్-134ఎ ఓజోన్‌ను తినదు గానీ భూమిని బాగా వేడెక్కిస్తుంది. ఆర్-600ఎ ఈ రెండు విధాలా నయం.

* ఆర్-600ఎ మంటకు అంటుకునే గ్యాసు. కారిందని అనుమానం వస్తే పొయ్యి వెలిగించకండి, స్విచ్చులు ముట్టుకోకండి, కిటికీలు తెరవండి. తెలిసిన మెకానిక్‌నే పిలవండి.

* ఫ్రీజర్‌లో ఐసు గడ్డకడితే చాకుతో, స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. నా అనుభవం చాలు! స్విచ్ తీసేసి, తలుపు తెరిచిపెట్టి, లోపల గిన్నెతో వేడినీళ్లు ఉంచితే అదే కరుగుతుంది.

* పాత ఏసీలలో ఉండే ఆర్-22 కూడా ఓజోన్‌కు కొంత చెరుపే. గ్యాసు మార్చేటప్పుడు పాతది గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి పట్టే మెకానిక్‌ను అడగండి.

* పాత ఫ్రిజ్‌ను గొట్టాలు కోసేవాళ్లకు అమ్మకండి. అనుమతి ఉన్న ఎలక్ట్రానిక్ చెత్త కేంద్రానికి ఇవ్వండి. అందాకా తలుపు తెరుచుకోకుండా తాడుతో కట్టండి, పిల్లలు లోపల దూరే ప్రమాదం ఉంది.

ఈ చివరి సలహా చెప్పడం తేలికే గానీ చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఒక షాపువాళ్లు "మాకు తెలీదండీ" అన్నారు. ఇంకోచోట "గ్యాసుదేముందమ్మా, ఎప్పుడో పోయుంటుంది" అని నవ్వారు. మావారేమో "పదిహేను వందలొచ్చే బేరం చెడగొట్టుకున్నావు" అని రోజూ ఒకసారి గుర్తుచేశారు. అత్తయ్యగారు మాత్రం, "నా చీటీ డబ్బులతో కొన్నాను. నాకు లేని తొందర నీకెందుకురా? సరైనవాళ్లు దొరికేదాకా ఉండనీ" అని కొడుకు నోరు మూయించారు.

చివరికి ఒక కేంద్రంవాళ్లు దొరికారు. ఇచ్చింది ఎనిమిది వందలే. ఇద్దరు మనుషులు వచ్చి, చిన్న యంత్రానికి గొట్టం తగిలించారు. అందులో ఒకతను గేజీ చూసి, "ఉందమ్మా గ్యాసు" అన్నాడు. నేనూ, అత్తయ్యగారూ వరండాలో నిలబడి చూస్తూనే ఉన్నాం. కాసేపు యంత్రం గురగురలాడింది. గ్యాసంతా వాళ్ల సిలిండర్‌లోకి వెళ్లిపోయింది.

ఈసారి బుస్సుమన్న చప్పుడు రాలేదు.